యూఎస్ సీనియర్ ఓపెన్: మామూలు సీనియర్ టూర్‌కీ దీనికీ అసలు తేడా ఎక్కడ?

తొమ్మిదో_హోల్:
గోల్ఫ్‌లో 50 దాటినవాళ్లు ఆడే సీనియర్ టూర్ టోర్నీలు మామూలుగా శుక్రవారం మొదలై ఆదివారానికి అయిపోతాయి. 54 హోల్స్ (18 హోల్స్ రౌండ్లు మూడు), కట్ (మధ్యలో వెనకబడినవాళ్లని ఇంటికి పంపడం) ఉండదు, కార్ట్‌లో, అంటే చిన్న బండిలో, తిరిగేవాళ్లూ కనిపిస్తారు. యూఎస్ సీనియర్ ఓపెన్ దగ్గరికొచ్చేసరికి ఇవన్నీ తారుమారు. కొన్ని సందేహాలు:
50 ఏళ్లు నిండితే ఎవరైనా ఆడొచ్చా? కట్ లెక్క ఏంటి? కార్ట్ ఎందుకు ఇవ్వరు? 2024లో న్యూపోర్ట్‌లో ప్లేఆఫ్ (సమంగా ఉన్నవాళ్లలో విజేతని తేల్చే ఆట) నాలుగు హోల్స్ దాకా ఎందుకు సాగింది? ఇంకోటి, ఆటగాడు లాంగర్ వాడే పొడవు పట్టర్ (బంతిని రంధ్రంలోకి దొర్లించే క్లబ్) 2016లోనే నిషేధించారు కదా, మరి 2023లో దాంతోనే ఎలా గెలిచాడు?

బోగీ_బాబు:
మొదటి రెండిటికీ నేను చెప్తాను.

టోర్నీ మొదటి రోజుకి 50 నిండి ఉండాలి. ఒక్క రోజు తక్కువైనా కుదరదు. 1980లో వింగ్డ్ ఫుట్ కోర్సులో మొదటిసారి పెట్టినప్పుడు కనీస వయసు 55. పెద్ద స్టార్ ఆర్నాల్డ్ పామర్‌కి అప్పటికి 50 ఏళ్లే కాబట్టి ఆడే వీల్లేకపోయింది. మరుసటి ఏడాదే 50కి తగ్గించారు. 1981లో ఓక్లాండ్ హిల్స్‌లో గెలిచింది ఎవరనుకుంటున్నారు? పామరే. రూల్ ఎవరి కోసం మారిందో ఎవరూ పైకి అనలేదు గానీ, జనం రావాలంటే ఆయన కావాలని అందరికీ తెలుసు.

మొత్తం 156 మంది. పాత విజేతలకీ, సీనియర్ టూర్ డబ్బు పట్టికలో పైనున్నవాళ్లకీ నేరుగా చోటు. మిగతావాళ్లు క్వాలిఫైయింగ్ ఆడాలి. అది ఒక్క రోజు, 18 హోల్సే. యూఎస్ ఓపెన్ ఫైనల్ క్వాలిఫైయింగ్‌లా 36 ఉండవు. అంటే ఒక్క డబుల్ బోగీ (హోల్‌కి నిర్ణయించిన దెబ్బల కన్నా రెండు ఎక్కువ) పడితే సర్దుకోవడానికి రెండో రౌండ్ లేదు. హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె) పరిమితికి లోబడిన అమెచ్యూర్లూ రావొచ్చు, ప్రైజ్ మనీ మాత్రం తీసుకోకూడదు.

కట్: 36 హోల్స్ తర్వాత మొదటి 60 స్థానాలు, సమంగా ఉన్నవాళ్లతో కలిపి. ఉదాహరణకి 57వ స్థానంలో ఎనిమిది మంది సమంగా ఉంటే 64 మంది వారాంతానికి వెళ్తారు.

156 అనే అంకెలోనే ఒక చిక్కుంది. ముగ్గురేసి చొప్పున 52 గ్రూపులు. ఒకటో టీ (హోల్ మొదలయ్యే చోటు) నుంచి సగం, పదో టీ నుంచి సగం. అందులోనూ పొద్దున సగం, మధ్యాహ్నం సగం. అంటే ఒక్కో టీ నుంచి ఒక్కో విడతలో 13 గ్రూపులు. పొద్దున పొగమంచు వల్ల గంటన్నర ఆలస్యమైతే చివరి గ్రూపులకి వెలుతురు చాలదు. వాళ్లు మర్నాడు తెల్లవారగానే వచ్చి మిగిలిన హోల్స్ ఆడి, వెంటనే రెండో రౌండ్‌కి దిగాలి. 50 దాటిన నడుముకి అది పెద్ద శిక్షే.

నడక_మాస్టర్:
కార్ట్ సంగతి. గోల్ఫ్ మూల నిబంధనల్లో కార్ట్ మీద నిషేధం లేదు. మోడల్ లోకల్ రూల్ జీ-6 (నిర్వాహకులు కావాలంటే పెట్టుకునే నిబంధన) అమల్లో పెడితేనే వాహనం ఎక్కకూడదు. ఈ టోర్నీ నడిపే యూఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం) దీనికి అది పెడుతుంది. అనుమతి లేకుండా ఎక్కితే, ఎక్కిన ఒక్కో హోల్‌కి రెండు స్ట్రోకులు (దెబ్బలు) శిక్షగా కలుపుతారు. నిర్వాహకులే హోల్‌కీ హోల్‌కీ మధ్య షటిల్ నడిపితే అది వేరే విషయం.

వైకల్యం ఉన్నవాళ్లు వైద్య పత్రాలతో ముందుగా అర్జీ పెట్టుకోవచ్చు, ఒక్కొక్కటి విడిగా పరిశీలిస్తారు. 2018లో జాన్ డేలీ మోకాలి నొప్పికి కార్ట్ అడిగితే ఇవ్వలేదు, ఆయన ఆడకుండా తప్పుకున్నాడు.

కోర్సు పొడవు 7,000 గజాలంటే గీత గీసినట్టు 6.4 కిలోమీటర్లు. కానీ బంతి వెతకడం, గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) నుంచి తర్వాతి టీకి నడవడం కలిపితే రౌండ్‌కి 8 నుంచి 10 కిలోమీటర్లవుతుంది. అలా నాలుగు రోజులు, ముందు ప్రాక్టీస్ రౌండ్లు అదనం. ఆదివారం 14వ హోల్ దగ్గర అప్రోచ్ షాట్లు (గ్రీన్ మీదికి కొట్టేవి) కుడికి జారడం గమనించండి. కాళ్లు అలసినప్పుడు నడుము తిరగడం ఆగిపోయి చేతులు మాత్రమే ఊగుతాయి, క్లబ్ ముఖం తెరుచుకునే ఉంటుంది. చాలామంది దీన్ని ఒత్తిడి అనుకుంటారు, నా లెక్కలో అది పిక్కల సమస్య.

పట్టర్_పిచ్చి:
పొడవు పట్టర్‌ని ఎవరూ నిషేధించలేదండీ! 2016 జనవరి 1 నుంచి నిషేధించింది ఆనించి కొట్టడాన్ని. ఇప్పుడది రూల్ 10.1బి. పట్టర్ పిడిని గానీ, పట్టుకున్న చేతిని గానీ ఒంటికి ఆనించి పట్టుకోకూడదు. ముంజేతిని ఒంటికి అదిమి, పై చేతిని కదలని ఇరుసులా వాడటమూ తప్పే. ఉల్లంఘిస్తే రెండు స్ట్రోకులు. చొక్కా తగలడం, చెయ్యి ఊరికే రాసుకోవడం తప్పు కాదు, అదిమి పట్టుకోవడమే తప్పు.

టీవీలో చూసేటప్పుడు పక్క నుంచి తీసిన దృశ్యం కోసం ఆగండి. పై చేతి పిడికిలికీ ఛాతీకీ మధ్య సందు కనిపిస్తే గొడవ లేదు. ఎదురు నుంచి చూస్తే ఎవరు పట్టుకున్నా ఆనించినట్టే ఉంటుంది, అనుమానాలన్నీ అక్కడే మొదలవుతాయి.

2023లో సెంట్రీవరల్డ్ కోర్సులో లాంగర్ గెలిచినప్పుడు ఆయన వయసు 65. సీనియర్ టూర్‌లో అది 46వ గెలుపు, హేల్ ఇర్విన్ రికార్డు 45ని దాటింది అక్కడే.

బోగీ_బాబు:
ప్లేఆఫ్ మిగిలిపోయింది. పామర్ కాలంలో మరో 18 హోల్స్ ఆడించేవారు, 1981లో ఆయన గెలిచింది అలాగే. 2018 నుంచి రెండు హోల్స్ ఆడించి, రెండిటి స్ట్రోకులు కలిపి లెక్కేస్తారు. మొదటి హోల్‌లో ఒక స్ట్రోక్ వెనకబడ్డా ఆట అయిపోదు, రెండో దాంట్లో సరిచేసుకోవచ్చు. రెండు కలిపి సమమైతేనే సడెన్ డెత్, అంటే ముందు ఏ హోల్ గెలిస్తే వాళ్లే విజేత. న్యూపోర్ట్‌లో వాన వల్ల ఆట సోమవారానికి పోయింది. రిచర్డ్ బ్లాండ్, హిరోయుకి ఫుజిటా రెండు హోల్స్ తర్వాతా సమంగానే ఉన్నారు. సడెన్ డెత్‌లో రెండోది, అంటే మొత్తం మీద నాలుగోది, బ్లాండ్‌ది అయింది.

తొమ్మిదో_హోల్:
అందరికీ థాంక్స్. బ్రాడ్‌మూర్ కోర్సులో ఈ టోర్నీ జరిగినప్పుడు మంచి పట్టింగ్ చేసేవాళ్లు కూడా తేలిపోతారు, ఎందుకని?

నడక_మాస్టర్:
కొండ. కొలరాడో స్ప్రింగ్స్‌లో ఆ కోర్సు 6,000 అడుగుల పైన ఉంది. కళ్లు పెద్ద వాలుని చూసి చిన్న వాలుని తప్పు చదువుతాయి. ఎగువకి పోతుందనుకున్న పట్ నిజానికి దిగువకి ఉంటుంది, రంధ్రం దాటి ఆరడుగులు పోతుంది. అక్కడివాళ్లు చేసే పని ఒకటే: గ్రీన్ ఎక్కగానే షయన్ కొండ మీది విల్ రోజర్స్ స్మారక గోపురం ఎటుందో చూస్తారు, బంతి దానికి దూరంగా వంగుతుందని ముందే అనుకుని, తర్వాతే కళ్లని నమ్ముతారు.

దూరాలూ మారతాయి. గాలి పల్చన కాబట్టి బంతి దాదాపు పది శాతం ఎక్కువ పోతుంది. 165 గజాలకి మామూలుగా 150కి వాడే క్లబ్ తీస్తారు. కానీ ఈ లెక్క ఎత్తుగా పోయే షాట్లకే సరిపోతుంది. గ్రీన్ పక్కన కొట్టే చిన్న చిప్‌కి అదే పది శాతం తగ్గిస్తే బంతి రంధ్రం దాకా చేరదు.

పట్టర్_పిచ్చి:
ఒక్క పిడకల వేట. 1980లో మొదటి విజేత రాబర్టో డి విసెంజో. 1968 మాస్టర్స్ టోర్నీలో 17వ హోల్‌లో 3 కొడితే మార్కర్ (స్కోరు రాసే తోటి ఆటగాడు) 4 అని రాశాడు, ఆయన చూసుకోకుండా సంతకం పెట్టి ప్లేఆఫ్ ఆడే అవకాశం పోగొట్టుకున్నాడు. ఆ రూల్ ఇప్పటికీ అంతే (3.3బి): ఎక్కువ రాసి సంతకం పెడితే ఆ ఎక్కువే ఖాయం, తక్కువ రాస్తే సాధారణంగా డిస్‌క్వాలిఫికేషన్. మొత్తం కూడటంలో తప్పు వస్తే శిక్ష లేదు, అది కమిటీ పని. అందుకే స్కోరింగ్ టెంట్‌లో ఆటగాడు చివరి అంకె జోలికి పోడు, ఒక్కో గడి మీద వేలు పెట్టి మార్కర్‌తో పైకి చదివించుకుంటాడు.