అరుదైన మొక్కలున్న దీవికి జనాన్ని రానివ్వాలా, గేటు మూసేయాలా?

హన్మకొండ బాటసారి:
మా బావ ఉద్యోగం మారిషస్‌లో. మొన్న వెళ్లినప్పుడు ఈల్ ఓ జెగ్రెట్ అనే దీవి చూశాను. మాహెబూర్ వైపు తీరం నుంచి కిలోమీటరు లోపే. మొత్తం 26 హెక్టార్లు, అంటే మన లెక్కలో ఓ 65 ఎకరాలు. 1965 నుంచి ప్రకృతి రిజర్వు. గైడ్ లేకుండా తిరగనివ్వరు. అక్కడి నల్లచేవ చెట్టు మన తునికి చెట్టుకు దగ్గరి చుట్టమట! దాని పండ్లు తిని గింజలు చల్లే తాబేళ్లు ఎప్పుడో అంతరించాయి, అందుకని సీషెల్స్‌లోని అల్డాబ్రా దీవి జాతి పెద్ద తాబేళ్లను తెచ్చి వదిలారు. ఇప్పుడు ఆ పని అవి చేస్తున్నాయి. 1990 ప్రాంతంలో అడవిలో పదో పన్నెండో మిగిలిన గులాబీ పావురం కూడా కనిపించింది.
ఇంటికొచ్చాక ఒకటే డౌట్. అలాంటి చోటికి నాలాంటివాడు పోవచ్చా?

పాకాల తుమ్మెద:
పోవద్దన్నా. అదే దేశంలో రౌండ్ ఐలాండ్ ఉంది. ఎవరో వదిలిన మేకలు, కుందేళ్లు అక్కడి పచ్చదనాన్ని నున్నగా గీకేశాయి. వాటిని ఏరేసేసరికి 1980లు వచ్చాయి. ఇప్పటికీ టూరిస్టులకు ప్రవేశం లేదు. మనిషి ఊరికే రాడు, బూటు కింద గింజ తెస్తాడు. వయ్యారిభామను మన చేన్లలోకి ఎవరైనా పిలిచారా? లక్నవరం చూడు. వేలాడే వంతెన ఎక్కి దీవి మీదికి పోతే ముందు కనబడేది చిప్స్ ప్యాకెట్టే.

హన్మకొండ బాటసారి:
తమ్ముడూ, గేటు మూస్తే ఆపద ఆగుతుందా? 2020లో వకాషియో ఓడ ఆ దీవికి దగ్గర్లోనే పగడపు దిబ్బకెక్కి చమురు కారింది. అది టికెట్ కొని వచ్చిందా? అప్పుడు ఊళ్లవాళ్లు చెరకు ఆకు సంచుల్లో కూరి, సముద్రంలో అడ్డుకట్టలు కట్టారు. ఎవరికీ తెలియని దీవికి ఎవరు కడతారు? పైగా నేను ఇచ్చిన టికెట్ డబ్బు అక్కడి సంరక్షణకే పోతుందని గైడ్ చెప్పాడు.

ములుగు మాస్టారు:
మీ ఇద్దరి మాటల్లో ఆ అడవిలో ఉండేవాడు లేడు. మారిషస్‌లోని ఆ చిన్న దీవి మీద ఊళ్లు లేవు కాబట్టి అక్కడ నడుస్తుంది. మా వైపు అలా కాదు. తాడ్వాయి అడవుల్లో కోయ గూడేలు ఉన్నాయి. కారులో వచ్చినవాడికి స్వాగతం, ఇప్పపువ్వు ఏరుకునే అవ్వకు మాత్రం సవాలక్ష ప్రశ్నలు. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో తెలిసింది ఆమెకు. గైడ్‌గా ఆమె మనవడిని పెట్టండి, ఆ తర్వాత టికెట్ సంగతి మాట్లాడదాం.

నర్సంపేట అక్క:
మాస్టారు గారూ, మీ మాటకు నా ఓటు. కానీ లెక్క కూడా చూడాలి. 65 ఎకరాలకు గైడ్లు సరిపోతారు, చుట్టూ నీళ్లే కాబట్టి దొంగదారి కూడా తక్కువ. ఏటూరునాగారం అభయారణ్యం 800 చదరపు కిలోమీటర్లకు పైనే. దాని లోపల మేడారం జాతర! అమ్మల దగ్గరికి పోయేవాళ్లకు రోజుకు ఇంతమందే రండని చెప్పగలమా? నేనైతే చెప్పలేను, నేనూ బంగారం (అదే, బెల్లం) మోసుకుని పోయేదాన్నే. జాతర దారి జాతరకు వదిలేసి, మిగతా అడవికి లెక్క పెట్టాలి.

హన్మకొండ బాటసారి:
లెక్క పెట్టాలన్నది ఒప్పుకుంటా అక్కా. ఆ దీవిలో నాకు నచ్చింది కూడా అదే. మా గుంపు చిన్నది, బాట దిగితే గైడ్ వెంటనే పిలిచేవాడు. మా బావ ఫోటో కోసం రెండుసార్లు దిగాడు, రెండుసార్లూ తిట్లు తిన్నాడు.
తుమ్మెదా, ఒక మాట. ఎవరూ పోవద్దంటావు, ప్రతి ఆదివారం పాకాలలో నీకేం పని?

పాకాల తుమ్మెద:
పిట్టలు. కట్ట మీద నిలబడే చూస్తానన్నా, అడవిలోకి దిగను.

నర్సంపేట అక్క:
కట్ట మీద మిర్చి బజ్జీ పొట్లం ఎక్కడ పారేస్తావు తమ్ముడూ?

పాకాల తుమ్మెద:
జేబులో. మా అమ్మను అడుగు, చొక్కాలన్నీ నూనె మరకలే.