‘నాటు నాటు’ నా కీబోర్డ్ మీద ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న: మా చిన్నక్క సంగీత్‌లో ‘నాటు నాటు’ వాయించాను. కీబోర్డ్‌లో మామూలు 4/4 రిథమ్ పెట్టాను. రెండో లైనుకే మా బావ అడుగు తప్పి ఆగిపోయాడు. వేగం పెంచినా అంతే. తప్పెక్కడ?

జవాబు 1: వేగం కాదండీ, నడక. అది 6/8, మన లెక్కలో తిస్రం, అంటే ఒక్కో దెబ్బ మూడుగా విరుగుతుంది. తొడ మీద ‘తకిట తకిట’ అని కొట్టి చూడండి. కాలు ‘త’ మీద పడుతుంది, మిగతా రెండూ ఊపుకి. మీ 4/4లో దెబ్బ రెండుగానో నాలుగుగానో విరుగుతుంది, అందుకే మాట సాగినట్టుంటుంది. రిథమ్ లిస్టులో 6/8 ఉంటుంది, మార్చండి.

జవాబు 2: నేను డప్పు వాయిస్తాను. మాకు ఇది పుస్తకంలో లేదు, చేతిలో ఉంది. జాతరలో పోతరాజు ముందు చాలాసార్లు ఇదే నడక. పాట రాసిన చంద్రబోస్ గారు పోలేరమ్మ జాతరని, మిరపతొక్కుని ఊరికే తేలేదు. సినిమాలో తెల్లదొర వెటకారానికి జవాబు అదే కదా. తీసింది మాత్రం కీవ్‌లో! 2023లో ఆస్కార్ వస్తే మా వీధిలో డప్పు కొట్టింది నేనే.

ప్రశ్న అడిగినవారు: 6/8 పెట్టాను, కుదిరింది. బావకి ఇంకా చెప్పలేదు.