షోదో సాధనకూ బొమ్మలకూ ఒకే కుంచె పెన్ను సరిపోతుందా?

ప్రశ్న:
ఉద్యోగరీత్యా ఒసాకాలో ఉంటూ వారానికొకసారి షోదో, అంటే కుంచెతో అందంగా రాసే జపాను లేఖనకళ, తరగతికి వెళ్తున్నాను. అక్కడ కుంచె, సిరా అరగదీసే రాయి వాడతాము గాని, ఇంటి దగ్గర రోజూ అవన్నీ పరచి, కడిగి, ఆరబెట్టే తీరిక లేనందున కుంచె పెన్ను కొనాలనుకుంటున్నాను. అదే పెన్నుతో ఆదివారాలు గుళ్ళ బొమ్మలు గీసి, పైన నీటిరంగులు వేయాలని కూడా ఉంది. దుకాణంలో కొన్నింటి మొన స్కెచ్ పెన్నులా గట్టిగా ఉంది, కొన్నింటికి వెంట్రుకల కుచ్చు ఉంది. తొందరపడి ఒకటి కొంటే అందులో సిరా బూడిదరంగులో వస్తోంది. అది లోపమా?

జవాబు 1:
లోపం కాదు. మీరు కొన్నది ‘ఉసుజుమి’, అంటే పలుచని సిరా పెన్ను. జపాన్‌లో ఎవరైనా మరణించినప్పుడు ఇచ్చే కోదెన్ (సంతాపంగా ఇచ్చే డబ్బు) కవరు మీద పేరును ఈ సిరాతో రాస్తారు. కన్నీళ్ళు పడి సిరా పలచబడిందని దానికి అర్థం చెబుతారు. పెళ్ళి కవరు మీద నిండు నలుపుతోనే రాయాలి కనుక, ఆ పెన్నును పొరపాటున కూడా మిత్రుల పెళ్ళికి వాడకండి.

జవాబు 2:
రాత సాధనకైతే కుచ్చు ఉన్నదే తీసుకోండి. కంజి (జపాను భాషలో వాడే చైనా మూలపు లిపి) అక్షరంలో గీత ముగిసే తీరు ముఖ్యంగా మూడు విధాలు: ఒత్తి ఆపడం తోమే, విదిలించి ఎత్తడం హానే, మెల్లగా తేలుస్తూ లాగడం హరాయ్. హరాయ్‌లో వెడల్పుగా విచ్చుకున్న వెంట్రుకలను మళ్ళీ ఒక మొనగా కూడదీసుకుంటూ చేతిని పైకెత్తాలి. గట్టి మొన ఆ పనిని తానే చేసేస్తుంది కాబట్టి మీ చేయి ఏమీ నేర్చుకోదు. శాశ్వతం అనే అర్థమున్న ‘ఎయ్’ అక్షరంలో ఎనిమిది మూలరేఖలూ ఉన్నాయంటారు. రెండు రకాల పెన్నులతోనూ దాన్నొక్కదాన్ని రాసి చూస్తే తేడా తెలిసిపోతుంది. 1902లో నారాలో సిరా తయారీతో మొదలైన కురెతాకే సంస్థ పెన్నుల్లో 13వ నంబరుది నైలాన్ కుచ్చు, 40వ నంబరుది జంతువు వెంట్రుక. ధర తక్కువ కనుక ముందు నైలాన్ చాలు, కాకపోతే తరగతిలోని కుంచె కన్నా దాని కుచ్చు వంగిన వెంటనే ఎక్కువ బిగువుతో తిరిగి నిటారుగా లేస్తుంది. సీసాలో దొరికే సుమి (షోదోలో వాడే నల్ల) సిరాను మాత్రం పెన్నులో పోయకండి. అందులోని మసి, జిగురు లోపల ఎండి దారి మూసేస్తాయి.

జవాబు 3:
పై జవాబుతో ఏకీభవిస్తాను గాని, బొమ్మల విషయంలో కుచ్చు కన్నా సిరాయే ముఖ్యం. పెట్టె మీద ‘సెన్‌ర్యో’ అని ఉంటే అది నీటిలో కరిగే రంగు, దానిపై తడి కుంచె తగిలితే మీ గుడి గోపురం మొత్తం చెదిరిపోతుంది. ‘గన్‌ర్యో’ అని ఉంటే పొడిరంగు సిరా. పెంటెల్ సంస్థ కుంచె పెన్ను పాకెట్ బ్రష్‌లో వచ్చేది ఇదే, బాగా ఆరాక నీటికి నిలుస్తుంది. మందపాటి నీటిరంగుల కాగితం మీద ఆరడానికి కొంత సమయం పడుతుంది, తొందరపడకండి. అందుచేత నైలాన్ కుచ్చు, గన్‌ర్యో సిరా రెండూ ఉన్న పెన్ను మీ రెండు పనులకూ సరిపోతుంది. అయితే తరగతిలో హన్‌షి (షోదో సాధనకు వాడే పలుచని) కాగితం మీద రాసే పెద్ద అక్షరాలు దీనితో రావు, మూడు సెంటీమీటర్ల గళ్ళలో రాసుకోండి. నా దగ్గరున్న పాత పెన్నులో సిరా తగ్గిపోయాక, గరుకు కాగితం మీద వేగంగా లాగితే తెల్లని చారలతో ‘కసురె’ గీత వస్తుంది. చెట్ల బెరడుకు కొత్త పెన్ను కన్నా అదే బాగుంటుంది. ఆ బూడిదరంగు పెన్నునూ పారేయకండి, రంగులు వేయని బొమ్మల్లో నీడలకు పనికివస్తుంది.