చేతిలో 4 లక్షలు: హోమ్ లోన్‌కి కట్టేయాలా, బ్యాంకులో ఉంచుకోవాలా?

షిఫ్ట్_బి
అందరికీ నమస్తే. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. చేతికి 64 వేలు వస్తుంది. మా ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది, నెలకి ఆరేడు వేలు. ఇద్దరు పిల్లలు. హోమ్ లోన్ ఇంకా 28 లక్షలుంది, వడ్డీ 8.5, ఈఎంఐ 27,800. పోయిన నెల మా చీటీ అయిపోయింది. మధ్యలో పాడకుండా చివరిదాకా ఆగాను, 4 లక్షలు చేతికొచ్చాయి.

మా ప్లాంట్‌లో ఒక లైన్ మూడు వారాలుగా ఆపేశారు. కాంట్రాక్టు వాళ్లని రావద్దన్నారు. మా దాకా వస్తుందో రాదో తెలీదు. మా ఆవిడ ఎఫ్‌డీ వేయమంటోంది. నాకేమో లోన్‌కి కట్టేస్తే ఒక పని అయిపోతుందని ఉంది. ఆదివారం లోపు తేల్చుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కలపంతులు
ఇందులో చర్చించడానికేముంది? లోన్‌కి కట్టేయండి. 28 లక్షలకి 27,800 చొప్పున ఇంకా 177 నెలలు కట్టాలి. 4 లక్షలు ఇప్పుడు కడితే 134 నెలల్లో తీరిపోతుంది. 43 ఈఎంఐలు మాయం. 43 × 27,800 ఎంతో చూసుకోండి, 11 లక్షల 95 వేలు. ఫ్లోటింగ్ రేటు లోన్ (వడ్డీ రేటు మారుతూ ఉండేది) అయితే ముందుగా కట్టినందుకు ఫైన్ కూడా ఉండదు. ఎఫ్‌డీలో మహా అయితే 6.5 వస్తుంది. 8.5కి అప్పు పెట్టుకుని 6.5కి దాచుకునేవాణ్ని ఏమంటారో నేను చెప్పక్కర్లేదు.

ఏడునెలలు
మాస్టారూ, లెక్క బాగుంది. మరి 4 లక్షలు కట్టాక వచ్చే నెల 5న ఆయన కట్టాల్సిన ఈఎంఐ ఎంత? అదే 27,800. తగ్గేది చివర్లో నెలలు, ఇప్పటి ఈఎంఐ కాదు. ఉద్యోగం పోయేది ఇప్పుడు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. 2022లో 6 లక్షలు ఇలాగే లోన్‌కి కట్టి, ఇంట్లో స్వీట్లు పంచాను. 2023 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మీటింగ్ అన్నారు, నాలుగుంపావుకి లాప్‌టాప్ లాక్ అయిపోయింది. బ్యాంకుకి వెళ్లి ‘సార్, పోయిన ఏడాది 6 లక్షలు ముందే కట్టాను కదా, అందులోంచి ఈ ఆర్నెల్లు సర్దుకోండి’ అంటే ఆ కుర్రాడు నవ్వలేక ఆపుకున్నాడు. కట్టింది కట్టినట్టే, వెనక్కి రాదు. నెల ఖాళీగా ఉన్నాక పీఎఫ్‌లో 75 శాతం తీశాను. అదీ అయిపోయాక రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చాను. అంటే ఏడాదికి 24. మీరు మిగిల్చిన 8.5 ఎక్కడ, ఈ 24 ఎక్కడ?

లెక్కలపంతులు
ఈఎంఐ తగ్గించమని రాతపూర్వకంగా అడగాల్సింది. అడక్కపోవడం మీ తప్పు, లెక్క తప్పు కాదు. ఇంకో సంగతి. ఎఫ్‌డీ మధ్యలో తీస్తే పెనాల్టీ, దాని వడ్డీ మీద టాక్స్. ఇవన్నీ తీసేస్తే 6.5 కాస్తా అయిదున్నరకి దిగుతుంది.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ అమెరికాలో హెచ్‌1బీ వీసా మీదున్న మాకు ఉద్యోగం పోతే 60 రోజులు. ఆలోపు ఇంకోటి దొరక్కపోతే సామాను సర్దుకోవడమే. నేను ఎప్పుడూ చేతిలో క్యాషే ఉంచుతాను.

రిటైర్డ్_క్యాషియర్
పంతులుగారూ, ఆ టాక్స్ సంగతి ఆగండి. ఆయన ఏడాది జీతం ఎనిమిది లక్షలు దాటదు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా టాక్స్ పడదు. పెనాల్టీ అర శాతం, కొన్ని బ్యాంకుల్లో ఒకటి. అది కూడా వడ్డీలోంచే పోతుంది, అసలు ఎక్కడికీ పోదు. మీ 8.5కీ 6.5కీ తేడా రెండు శాతం, 4 లక్షల మీద ఏడాదికి 8 వేలు. నెలకి ఏడు వందలు కూడా కాదు. మూడు ఈఎంఐలు తప్పి 90 రోజులు దాటితే లోన్ మొండి బాకీ కింద రాసుకుంటారు, ఆ తర్వాత 60 రోజుల నోటీసు ఇంటికొస్తుంది. ఆ నోటీసు కవర్ల మీద ఏళ్ల తరబడి స్టాంపులు కొట్టాను, ఎవరి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మీ లోన్ ఓవర్‌డ్రాఫ్ట్ రకమైతే మాత్రం గొడవే లేదు. అందులో వేసింది వడ్డీ తగ్గిస్తుంది, కావాలన్నప్పుడు తీసుకోవచ్చు. అడిగి చూడండి. మధ్యలో మార్చడానికి చాలాచోట్ల ఒప్పుకోరు.

లెక్కలపంతులు
ఒక శాతం పెనాల్టీ ఉన్న బ్యాంకులు ఉన్నాయని మీరే ఒప్పుకున్నారు. గమనించగలరు.

బొల్లారం_నైట్
మాకు జీతం తక్కువైనా ఈఎస్ఐ ఉంది. జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం ఇస్తారు. నెల జీతం 21 వేలు దాటిన షిఫ్ట్_బి అన్నకి అదీ లేదు.

మంజీర
రెండ్రోజులుగా చదువుతున్నాను. లోను, ఎఫ్‌డీ, పెనాల్టీ. మనుషుల మాటే లేదు. 2016లో మా నాన్నకి గుండె ఆపరేషన్. నా దగ్గర ఏ ఎమర్జెన్సీ ఫండూ లేదు. మా బావ అర్ధరాత్రి సంగారెడ్డి నుంచి బైక్ మీద వచ్చి, చొక్కా లోపల కట్టుకొచ్చిన డబ్బు కౌంటర్లో కట్టాడు. మూడేళ్లకి తీర్చాను, పైసా వడ్డీ అడగలేదు. నన్నడిగితే కొంత బంగారం కొనిపెట్టుకోండి, నలుగురితో మంచిగా ఉండండి. బంగారం తాకట్టు పెడితే అరగంటలో డబ్బు. ఏ ఎఫ్‌డీ సాటొస్తుంది?

సీతాఫలం
మంజీర గారూ, ఆ బంగారం ఎవరి ఒంటి మీదిదో కూడా రాయండి.

మా ఆయన బైక్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. రాత్రి పదకొండింటికి అడ్వాన్స్ కడితేనే థియేటర్‌కి తీసుకెళ్తామన్నారు. ఆస్పత్రి బాత్రూమ్‌లో లిక్విడ్ సోప్ రాసుకుని గాజులు తీశాను. ఎడమ చేతివి వచ్చాయి, కుడి చేతిది ఒకటి రాలేదు, ఇప్పటికీ ఆ చేతికి అదొక్కటే ఉంది. మిగతావి తాకట్టులోంచి రాలేదు, వేలంలో పోయాయి. మా ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అది ‘అవసరానికి వాడుకున్న బంగారం’.

ఇన్సూరెన్స్ ఉంది. 1 లక్షా 80 వేల ఆస్పత్రి బిల్లు తర్వాత వాళ్లిచ్చారు. కానీ మూడు నెలలు మంచం మీదున్నప్పుడు జీతం ఎవరిస్తారు? బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కోసే ప్రమాద బీమా ఉందిగా అని అడగడానికెళ్తే, కాలు పోతేనే డబ్బు, విరిగి అతుక్కుంటే రాదన్నారు. ప్రాణం పోతే 2 లక్షలు, ఒక కన్నో కాలో చెయ్యో శాశ్వతంగా పోతే లక్ష. పని చేయలేని వారాలకి డబ్బిచ్చే యాక్సిడెంట్ పాలసీ వేరే ఉంటుందని అప్పటిదాకా నాకూ తెలీదు.

మంజీర
అమ్మా, మీకు జరిగింది బాధాకరం. కానీ బంగారం ఉండబట్టే కదా ఆ రాత్రి పని జరిగింది.

ఏడునెలలు
బంధువులూ బంగారమూ అని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఒక బావ కథే చెబుతారు. నా ఉద్యోగం పోయినప్పుడు మా వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో 41 మంది ఉన్నారు. ‘ధైర్యంగా ఉండు నాన్నా’ అని మెసేజ్‌లు. దండం పెట్టే బొమ్మలు. రెండో నెల నేను ఫోన్ చేస్తే ఎత్తడం మానేశారు, డబ్బడుగుతానని. అమ్మకి షుగర్. కంపెనీ హెల్త్ కార్డు నా చివరి పనిరోజుతోనే పోయింది. కొత్త పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకి అప్పట్లో నాలుగేళ్ల దాకా ఆగాలనేవాళ్లు, 2024 ఏప్రిల్ నుంచి మూడుకి తగ్గించారు. ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకోమని నాకు చెప్పిన ఒక్క బంధువు లేడు.

మంజీర
నువ్వు వాళ్లకి ఎప్పుడైనా పెట్టావా? పెట్టినవాడికే వస్తుంది. బాగున్నన్నాళ్లూ పెళ్లిళ్లకి కూడా వెళ్లకుండా, కష్టమొచ్చాక 41 మందికి ఫోన్లు చేస్తే ఎవరెత్తుతారు?

ఏడునెలలు
నేను ఎవరికి ఏం పెట్టానో నీకేం తెలుసు? నాకు తెలిసిన మీలాంటివాళ్లంతా ఊళ్లో అందరి దగ్గరా తీసుకుని దాన్ని ప్రేమ అని పిలిచేవాళ్లే.

నిర్వాహకుడు
ఇద్దరూ ‘మీరు’కి రండి. లేకపోతే ఇద్దరి పోస్టులూ తీసేస్తాను.

సీతాఫలం
ఇంతమంది ఇన్ని రాశారు, ఒకటి ఎవరూ అడగలేదు. షిఫ్ట్_బి గారూ, ఆదివారం లోపు ఎందుకు? ఉద్యోగం ఆదివారం పోదు కదా.

షిఫ్ట్_బి
అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ఆదివారం మా తమ్ముడు వస్తున్నాడు. జోగిపేటలో ఉంటాడు. డీసీఎం వ్యాను కొంటాడట, ముందు కట్టడానికి 3 లక్షలు కావాలట. చీటీ వచ్చిన సంగతి అమ్మ చెప్పేసింది. లోన్‌కి కట్టేస్తే ‘డబ్బుల్లేవురా’ అని అబద్ధం లేకుండా చెప్పొచ్చు. ఎఫ్‌డీలో ఉంటే వాడి మొహం చూసి చెప్పలేను.

2021 మేలో నేను కరోనాతో 11 రోజులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు లక్షన్నర వాడే తెచ్చాడు. రెండు పాడి గేదెల్ని అమ్మి. తీర్చేశాను. కానీ గేదెలు మళ్లీ కొనలేదు వాడు.

మా ఆవిడ ఎఫ్‌డీ వేసి, వాడికి ఒక లక్ష ఇద్దామంటోంది. నాకే మనసు రావట్లేదు. ఇది బయటికి చెప్పుకోలేక లోను, ఎఫ్‌డీ అని అడిగాను. క్షమించండి.

మంజీర
రెండు గేదెలమ్మినవాడికి మొహం చాటేయడానికి బ్యాంకుని అడ్డం పెట్టుకుంటారా? మీ ఎమర్జెన్సీ ఫండ్ ఆ రోజు మీ తమ్ముడే కదండీ.

ఏడునెలలు
2021లో చేసింది తీరిపోయింది, ఆయన తీర్చేశాడు. ఇప్పుడు లైన్ ఆగి ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. ఈయన ఇంటి ఖర్చు ఈఎంఐతో కలిపి నెలకి 50 వేలనుకుంటే 4 లక్షలు ఎనిమిది నెలలు. 3 లక్షలు ఇచ్చేస్తే రెండు నెలలు. రెండు నెలల్లో ఎవరికీ ఉద్యోగం దొరకదు, నాకు ఏడు నెలలు పట్టింది. ఇల్లంటే ముందు ఆ ఇంట్లో తినే నలుగురు.

మంజీర
మీకు నలుగురు. మాకు ఇల్లంటే తమ్ముడు కూడా. అక్కడే మీకూ నాకూ కుదరదు, ఎఫ్‌డీ దగ్గర కాదు.

లెక్కలపంతులు
నేనొకటి చెప్పాలి. లోన్‌కి కట్టేయమని నేను మొండిగా వాదించింది 8.5 కోసం ఒక్కదానికే కాదు. మా బావమరిదికి 3 లక్షలిచ్చాను. ప్రోనోటు రాయించుకున్నాను. మూడేళ్లలోపు మళ్లీ సంతకం పెట్టించుకోవాలని తెలుసు. పెట్టమని అడగడానికి నోరు రాలేదు. ఆ నోటు ఇప్పుడు చిత్తుకాగితం. అప్పట్నుంచీ చేతికి ఏ డబ్బొచ్చినా ఆ సాయంత్రమే లోన్‌లో వేసేస్తాను. చేతిలో ఉంటే నేను కాదనలేను. అది నా జబ్బు. అందరికీ అదే మందు రాశాను.

రిటైర్డ్_క్యాషియర్
పంతులుగారూ, ఈ ముక్క మొదటి రోజే రాసుంటే నాకు రెండు రాత్రుల నిద్ర మిగిలేది.

షిఫ్ట్_బి గారూ, ఎఫ్‌డీ ఒకటే వేయకండి. లక్ష చొప్పున నాలుగు వేయండి. అవసరానికి ఒకటి విరగ్గొడితే మిగతా మూడూ అలాగే ఉంటాయి.

సీతాఫలం
మీ ఆవిడ మాట ఇంకోసారి వినండి. ఆమె మీకంటే ముందే లెక్క వేసింది.

షిఫ్ట్_బి
ఇవాళ శనివారం, మధ్యాహ్నం షిఫ్ట్ ముందు బ్యాంకుకి వెళ్లొచ్చాను. లక్ష చొప్పున మూడు ఎఫ్‌డీలు, ఇద్దరి పేర్ల మీద. ఓవర్‌డ్రాఫ్ట్‌కి మార్చడం కుదరదన్నారు. నాలుగో లక్ష సేవింగ్స్‌లోనే ఉంది. తమ్ముడికి ఏం చెప్పాలో ఇంకా తెలీదు. అమ్మ అప్పుడే నాటుకోడి తెప్పించమని ఫోన్ చేసింది.

లెక్కలపంతులు
ఎఫ్‌డీ ఎంతకి వేశారు?

షిఫ్ట్_బి
6.4.

లెక్కలపంతులు
6.5 కూడా ఇవ్వలేదా. సరే.