పాత ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ వీల్ మీద డబ్బులు పెట్టడం దండగేనా?

పిట్‌లేన్_బెజవాడ:
కార్ రేసింగ్ గేమ్‌లు ఆడటానికి నా దగ్గర 900 డిగ్రీలు తిరిగే స్టీరింగ్ ఉంది, రోడ్డు కుదుపులు మోటార్‌తో చేతికి తెలిపే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ రకం, మోటార్ బలం గేర్ల ద్వారా వచ్చే గేర్ వీల్, వారంటీ ఎప్పుడో అయిపోయింది (కంపెనీ పేరు ఎందుకులెండి). ఆన్ చేయగానే అటూ ఇటూ తిరిగి సెంటర్ బాగానే పట్టుకుంటుంది. కాసేపు గట్టిగా తోలితే మాత్రం సెంటర్ పక్కకి జరిగిపోతోంది, నేరుగా పోవాలన్నా స్టీరింగ్ కాస్త ఎడమకి పట్టుకోవాలి. బ్రేక్ కాలు పెట్టకుండానే మధ్యమధ్యలో దానంతటదే పడుతోంది. ఎలాగూ విప్పుతున్నా కదా, పనిలో పనిగా లోడ్ సెల్ బ్రేక్ (తొక్కే బలాన్ని కొలిచేది), పెద్ద రిమ్ (చేత్తో పట్టుకునే చక్రం), మోటార్‌కి ఎక్కువ పవర్ అన్నీ చేసేద్దామని ఉంది. ఫ్రెండ్స్ మాత్రం అమ్మేసి డైరెక్ట్ డ్రైవ్ (స్టీరింగ్ నేరుగా మోటార్‌కే ఉండే రకం) కొనమంటున్నారు. ఏమంటారు?

అపెక్స్_హైద్రాబాద్:
అమ్మేయ్ బ్రో, ఆలోచించకు. గేర్ వీల్ ఎంత బాగు చేసినా టార్క్ (తిప్పే బలం) రెండు న్యూటన్ మీటర్ల దగ్గరే ఆగిపోతుంది, సెంటర్‌లో గేర్ల మధ్య ఆ వదులు ఉండనే ఉంటుంది, పైగా రాత్రిపూట ఆ గరగర చప్పుడుకి ఇంట్లోవాళ్ల తిట్లు. ఫానటెక్ కంపెనీ డైరెక్ట్ డ్రైవ్ వీల్ సీఎస్ఎల్ డీడీ 2021లోనే వచ్చింది, చిన్న పవర్ అడాప్టర్‌తో 5, పెద్దదానితో 8 న్యూటన్ మీటర్లు. గేర్లూ లేవు, బెల్టూ లేదు, అరిగేది ఏముంది?

సోల్డర్_బాబాయ్:
అపెక్స్ తమ్ముడూ, ఆయన అడిగింది రిపేర్ గురించి, నువ్వు షోరూమ్ తెరిచావు.

బెజవాడ గారూ, మీరు చెప్పిన సెంటర్ జబ్బు దాదాపుగా ఎన్‌కోడర్ డిస్క్‌దే. మోటార్ షాఫ్ట్ చివర సన్న గీతలున్న చిన్న ప్లాస్టిక్ చక్రం ఉంటుంది, ఆ గీతలు లెక్కపెట్టే స్టీరింగ్ ఎక్కడుందో బోర్డుకి తెలుస్తుంది. దాని మధ్య భాగం పగిలితే మోటార్ ఒక్కసారిగా దిశ మార్చినప్పుడు షాఫ్ట్ మీద జారుతుంది. విప్పాక షాఫ్ట్ చివర నుంచి డిస్క్ మీదికి మార్కర్‌తో ఒక గీత గీయండి, కాసేపు ఆడి చూడండి. గీత రెండు ముక్కలుగా కనబడితే దొంగ దొరికినట్టే. జిగురు పెడితే కొన్నాళ్లు ఆగి మళ్లీ విడిపోతుంది, లోహం డిస్కే వేయండి.

బ్రేక్‌కి చాలావరకు పొటెన్షియోమీటర్‌లో (పెడల్ ఎంత కదిలిందో వోల్టేజ్‌గా చెప్పే భాగం) దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పెడల్ బాగా ఆడించండి. ఇంట్లో తుప్పుకి వాడే స్ప్రే మాత్రం కొట్టకండి, నూనె పొర మిగిలి మళ్లీ దుమ్ము పట్టేస్తుంది. క్లీనర్, లోడ్ సెల్, బోర్డులు కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి.

ఇక మాడ్‌ల (మార్పుల) సంగతి. మోటార్‌కి పవర్ పెంచడం వద్దు. కరెంట్ రెట్టింపు చేస్తే టార్క్ రెట్టింపే, వేడి మాత్రం నాలుగింతలు. ఆ వేడి మోటార్ చుట్టకి, ఆ దెబ్బ గేర్ పళ్లకి. పెద్ద రిమ్ కూడా అంతే, బరువు పెరిగిన కొద్దీ చిన్న మోటార్ దాన్ని కదిలించలేక రోడ్డు గతుకులన్నీ మింగేస్తుంది. షోకు కోసం అయితే మీ ఇష్టం.

అపెక్స్_హైద్రాబాద్:
రిమ్ విషయం ఒప్పుకుంటా బాబాయ్. కానీ డిస్క్ వేసి, క్లీనర్ కొట్టి, లోడ్ సెల్ పెట్టి, ఇంతా చేశాక రేపు గేర్ అరిగితే? స్పేర్ ఎవరిస్తాడు? కేంద్రం 2022 చివర్లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది కరెక్టే, అందులో ఉన్నవి వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, బండ్లు. గేమింగ్ వీల్ గేర్ కోసం అక్కడ వెతుక్కోమంటావా? పెట్టిన డబ్బులు సెకండ్ హ్యాండ్‌లో ఒక్క రూపాయి కూడా వెనక్కి రావు.

సోల్డర్_బాబాయ్:
అందుకే తమ్ముడూ, డబ్బు వీల్‌లో కాదు, బ్రేక్‌లో పెట్టమంటున్నా. పాత బ్రేక్ కాలు ఎంత దూరం వెళ్లిందో కొలుస్తుంది, లోడ్ సెల్ ఎంత గట్టిగా తొక్కావో కొలుస్తుంది. కాలికి గుర్తుండేది బలమే, దూరం కాదు. ల్యాప్ టైమ్ తగ్గేది అక్కడ. పీసీకి విడిగా యూఎస్‌బీలో పెడితే రేపు నువ్వు చెప్పిన డైరెక్ట్ డ్రైవ్ కొన్నా ఆ పెడల్ పక్కనే పనిచేస్తుంది. దండగ ఎక్కడ?

చేసేవాళ్లకి ఒక్క మాట. లోడ్ సెల్ సిగ్నల్‌ని అంకెలుగా మార్చే హెచ్ఎక్స్711 బోర్డు సెకనుకి 10 రీడింగులా, 80 రీడింగులా చూసుకోండి. చవక బోర్డులు చాలావరకు 10 మీదే సెట్ చేసి వస్తాయి, బ్రేక్ ఆలస్యంగా పడుతుంది. రేట్ పిన్ హై చేస్తే 80 వస్తుంది. ఆ అంకెలు పీసీకి పంపే చిన్న బోర్డు ఆర్డుయినోలో లియొనార్డో గానీ ప్రో మైక్రో గానీ తీసుకోండి, అవి నేరుగా జాయ్‌స్టిక్‌లా కనబడతాయి, యూనోతో ఆ పని సులువుగా అవ్వదు.

కన్సోల్_కుర్రాడు:
మీరంతా పీసీ వాళ్లే మాట్లాడుకుంటున్నారు. నాది పీఎస్5. యూఎస్‌బీ పెడల్ పెడితే అది పట్టించుకోదు. అపెక్స్ అన్న చెప్పిన సీఎస్ఎల్ డీడీ కూడా ప్లేస్టేషన్‌లో పనిచేయదు, దానికి గ్రాన్ టురిస్మో డీడీ ప్రో అని వేరే మోడల్ కొనాలి. మరి మేమేం చేయాలి?

సోల్డర్_బాబాయ్:
కన్సోల్‌కి ఆర్డుయినో వద్దు నాయనా. లోడ్ సెల్ సిగ్నల్‌ని ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్‌తో పెంచి, పొటెన్షియోమీటర్ ఇచ్చే వోల్టేజ్ పరిధిలోకి తెచ్చి పాత వైర్‌కే కలపాలి. వీల్ అది పాత బ్రేకే అనుకుంటుంది. సోల్డరింగ్ చెయ్యి తిరిగి ఉండాలి, పరిధి దాటితే బోర్డు పోతుంది.

పిట్‌లేన్_బెజవాడ:
విప్పి చూశా. గీత దాకా వెళ్లక్కర్లేకుండానే డిస్క్ మధ్యలో పగులు కంటికే కనబడింది. లోహం డిస్క్ ఆర్డర్ పెట్టా, మోటార్ పవర్ ఆలోచన మానేశా. కానీ అపెక్స్ అన్నదీ కొట్టిపారేయలేను, 2 నుంచి 8 అంటే మాటలా?

అపెక్స్_హైద్రాబాద్:
అదే నేననేది! ఈ లోపు గేమ్‌లో ఫోర్స్ గెయిన్ (వీల్‌కి ఎంత ఫోర్స్ పంపాలో చెప్పే సెట్టింగ్) తగ్గించి చూడు. అసెట్టో కోర్సా గేమ్‌లో పెడల్స్ యాప్ తెరిస్తే ఫోర్స్ గీత ఎర్రబడటం కనిపిస్తుంది, అంటే వీల్ ఇవ్వగలిగిన హద్దు దాటిపోయింది, ఆ పైన ఎంత ఫోర్స్ వచ్చినా చేతికి ఒకేలా తెలుస్తుంది. అది ఎంతసేపు ఎర్రగా ఉంటుందో చూస్తే నువ్వే డైరెక్ట్ డ్రైవ్ కొంటావు.

సోల్డర్_బాబాయ్:
లేదా గెయిన్ తగ్గించాక చాలు అనుకుంటాడు. బెజవాడ గారూ, ఏది కొన్నా లోడ్ సెల్ పెట్టే ముందు పెడల్ సెట్‌ని మందపాటి ప్లైవుడ్‌కి బోల్టులతో బిగించండి. ఆ ప్లాస్టిక్ అడుగు వంగుతుంటే మీరు గట్టిగా తొక్కినా బ్రేక్ ఒకేలా పడదు.