తొలినాటి బ్రౌజర్ ఆటలను ఏ కొలమానంతో సమీక్షించాలి?

బాణంమీట (ప్రశ్న):
ఐర్లాండ్‌కు చెందిన స్వతంత్ర ఆటల రూపకర్త టెర్రీ కావనా బ్రౌజర్ కోసం చేసిన తొలి ఆటలపై సమీక్షా వ్యాసం రాస్తున్నాను. 2009 నాటి ‘డోంట్ లుక్ బ్యాక్’, 2012లో ఒక గేమ్ జామ్ (కొద్ది వ్యవధిలో ఆట తయారుచేసే కార్యక్రమం) కోసం చేసిన ‘హెక్సగన్’ ప్రస్తుతం నా ముందున్నాయి. మొదటిది వచ్చిన మరుసటి ఏడాదే ఆయన ‘వీవీవీవీవీవీ’ని విడుదల చేశారు; రెండోది అదే ఏడాది ‘సూపర్ హెక్సగన్’గా ఎదిగింది. దాంతో నేను రాసే ప్రతి వాక్యమూ ‘ఇక్కడ మొలకెత్తిన ఆలోచనే అక్కడ పండింది’ అనే ధోరణిలోకి జారిపోతోంది. తర్వాతి ఆటల ఊసే ఎత్తకపోతే, ఈ చిన్న ఆటల గురించి ఎందుకు చదవాలో పాఠకులకు బోధపడదేమోనని భయం. పైగా ముతక చుక్కల బొమ్మలకూ, అడుగడుగునా చనిపోయే తీరుకూ నేటి ఆటల పక్కన నిలబెట్టి మార్కులు వేయడం న్యాయమేనా?

చుక్కలతెర:
మార్కుల మాట తర్వాత. మీరు ఆ ఆటలను దేనిలో ఆడారో ముందు చెప్పండి. నాటి బ్రౌజర్ ఆటలను ఎక్కువగా నడిపిన ఫ్లాష్ సాంకేతికతకు అడోబీ సంస్థ 2020 డిసెంబర్ 31తో మద్దతు నిలిపివేసింది, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తానే ఆటలను నడపకుండా ఆపేసింది. కాబట్టి ఫ్లాష్‌లో చేసిన ఆటను నేడు ఆడుతున్నామంటే చాలావరకు రఫుల్ వంటి ఎమ్యులేటర్‌లోనో (పాత ప్లేయర్‌ను అనుకరించే ప్రోగ్రామ్), పాత వెబ్ ఆటలను దాచే ఫ్లాష్‌పాయింట్ భాండాగారంలోనో ఆడుతున్నట్టే. రఫుల్ అనేది రస్ట్ భాషలో కొత్తగా రాసిన ప్రోగ్రామ్. ఫ్లాష్ ఆటలు రాసే భాష యాక్షన్‌స్క్రిప్ట్ మూడో రూపంలో చేసిన ఆటలను నడపడంలో అది చాలాకాలం వెనకబడి ఉండేది. ఫ్లాష్‌పాయింట్ మాత్రం చాలా ఆటలను అసలు ప్లేయర్‌తోనే నడుపుతుంది.

దీన్ని నొక్కి చెప్పడానికి కారణం ‘హెక్సగన్’ వంటి ఆట. నలువైపుల నుంచీ గోడలు మూసుకొస్తుంటే సందు చూసుకుని దూరడమే అందులో ఉన్నదంతా. మీట నొక్కడానికీ తెరమీద కదలికకూ మధ్య రవ్వంత జాప్యం చేరినా అది వేరే ఆట అయిపోతుంది. ‘నియంత్రణ మందకొడిగా ఉంది’ అని రాసే ముందు రెండుచోట్లా ఆడి చూడండి. లోపం ఒకచోటే కనిపిస్తే దాన్ని రూపకర్త ఖాతాలో వేయకండి. ఎలా ఆడారో సమీక్షలోనే ఒక వాక్యంలో తెలపండి; చాలామంది సమీక్షకులు ఎందుకో ఈ వాక్యాన్ని దాటేస్తారు.

పాతమీట:
‘డోంట్ లుక్ బ్యాక్’ను ముసాయిదాగా కాకుండా పూర్తయిన కృతిగా చూస్తే మీ చిక్కు సగం తీరుతుంది. వానలో సమాధి ముందు ఒక మనిషి నిలబడి ఉంటాడు. కథ చెప్పే మాట ఒక్కటీ ఉండదు. ఆటగాడు కుడివైపు నడిచి, పాతాళంలోకి దిగుతాడు. ఇది గ్రీకు పురాణంలోని ఆర్ఫియస్ కథ అని, అంటే వెనక్కి తిరిగి చూడకూడదనే షరతుపై చనిపోయిన భార్యను పాతాళం నుంచి తెచ్చుకోబోయిన వాడి కథ అని దారిలో గ్రహిస్తాడు. చనిపోతే అదే తెర మొదటి నుంచి మళ్లీ మొదలవుతుంది, అంటే పోయేది కొద్ది క్షణాలే. శిక్ష ఇంత తేలికగా ఉండటం వల్లనే ఒక్కో తెరను అంత కఠినంగా మలచడం సాధ్యమైంది. చావుల సంఖ్యను చూసి దాన్ని లోపమనడం ఆ ఏర్పాటును గమనించకపోవడమే.

అసలు విశేషం తిరుగు ప్రయాణంలో ఉంది. భార్య ఛాయ తన వెనకే నడిచి వస్తుండగా ఆటగాడు వెనక్కి తిరిగితే చాలు, ఆమె మాయమైపోతుంది. అంతవరకు ఆలోచన లేకుండా నొక్కుతూ వచ్చిన మీట ఒక్కసారిగా నిషిద్ధమవుతుంది. దూకడం గురి తప్పినా సర్దుకోవడానికి వెనక్కి తిరిగే వీలుండదు. పురాణంలోని షరతును చదివి తెలుసుకోవడం వేరు, వేళ్లు దాన్ని పాటించాల్సి రావడం వేరు. సమీక్షలో ఎక్కువ చోటు దీనికే ఇవ్వాలని నా అభిప్రాయం. పెద్ద శత్రువులతో పోరాడే ఘట్టాలు మాత్రం నాకు అంతగా నచ్చలేదు; వాటి దాడుల వరుసను కంఠస్థం చేయడం తప్ప అక్కడ కొత్తగా జరిగేదేమీ లేదు. ముగింపును నేనైతే బయటపెట్టను.

రెండోయత్నం:
పాతమీట గారితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, తర్వాతి ఆటలను పూర్తిగా వెలివేయనవసరం లేదు. మరో ఆటల రూపకర్త లూకస్ పోప్ 2012లో లుడమ్ డేర్ అనే గేమ్ జామ్ పోటీ కోసం 48 గంటల్లో చేసిన ‘ది రిపబ్లియా టైమ్స్’ను చూడండి. అందులో ఆటగాడు ప్రభుత్వ పత్రికా సంపాదకుడు. కుటుంబం ప్రభుత్వం చెరలో ఉండగా ఏ వార్త వేయాలో, ఎంత పెద్దగా వేయాలో నిర్ణయిస్తాడు. మరుసటి ఏడాది వచ్చిన ‘పేపర్స్, ప్లీజ్’కు అది తొలి మెట్టు అని రాసి ఊరుకుంటే దక్కేది తక్కువ. సంపాదకుడికి పాఠకులు అంకెలుగానే కనిపిస్తారని, ‘పేపర్స్, ప్లీజ్’లో ఆటగాడు పోషించే సరిహద్దు అధికారికి మాత్రం ఎదుట మనుషులే నిలబడతారని రాస్తే రెండు ఆటలూ స్పష్టమవుతాయి.

మీ విషయంలోనూ అంతే. ‘డోంట్ లుక్ బ్యాక్’లో దూకడం ఉంది, ‘వీవీవీవీవీవీ’లో దాన్ని తీసేసి గురుత్వాకర్షణను తలకిందులు చేయడాన్ని పెట్టారు. క్షణాల్లో మళ్లీ మొదలుపెట్టించే పద్ధతి మాత్రం రెండింటిలోనూ ఉంది. ఏది వదులుకున్నారో, ఏది ఉంచుకున్నారో ఒక పేరాలో చెప్పి ముందుకు సాగండి.

బాణంమీట:
ముగ్గురికీ కృతజ్ఞతలు. నేను ఆడింది బ్రౌజర్‌లో రఫుల్ ద్వారానే. రెండు ఆటలనూ ఫ్లాష్‌పాయింట్‌లో మళ్లీ ఆడాకే నియంత్రణ గురించి రాస్తాను. మార్కుల పట్టికను తీసేస్తున్నాను. ‘హెక్సగన్’ జామ్ కోసం చేసినదని చెప్పడం లోపాలకు సాకు వెతికినట్టు ఉంటుందా?

చుక్కలతెర:
ఆట అంత చిన్నదిగా ఎందుకుందో వివరించడానికైతే చెప్పండి. గోడల వరుసలు అన్యాయంగా ఉన్నాయని మీకు అనిపిస్తే ఆ మాట విడిగా, మొహమాటం లేకుండా రాయండి.