అప్‌డేట్: ఆక్యుపంక్చర్ సూదులు, చైనా మూలికల కషాయం

అడిగినవి రెండు: సూది నొప్పి పెడుతుందా, వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతూ చైనా మూలికల కషాయం తాగొచ్చా? జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. తేలింది ఇదీ.

సూది మందం సుమారు 0.25 మి.మీ. ఇంజెక్షన్ సూదిలా లోపల బోలు ఉండదు. గుచ్చగానే చీమ కుట్టినట్టు, ఆపైన బరువుగా, లాగినట్టు ఉంటే మామూలే. కరెంటు షాక్‌లా జివ్వున పాకితే మాత్రం వెంటనే చెప్పాలి, నరానికి తగిలి ఉండొచ్చు. కొత్త సూదుల ప్యాకెట్ మన కళ్లముందే చించాలి. ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరగొచ్చు. భుజాల మీద, ఛాతీ మీద లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు. అరుదే, కానీ తర్వాత ఆయాసం వస్తే నేరుగా ఎమర్జెన్సీకే.

కషాయం దగ్గరే అసలు చిక్కు. డాన్‌షెన్, డాంగ్ క్వై అనే చైనా మూలికలు వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తెచ్చిపెడతాయి. కాబట్టి డాక్టర్‌కి చెప్పకుండా, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూసే పరీక్ష) చూపించుకోకుండా చుక్క కూడా వద్దు. అతిమధురం రోజూ పడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది.

పేర్ల గందరగోళం ఇంకా ప్రమాదం. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందులో స్టెఫానియా అనే మూలిక బదులు మూత్రపిండాలకు విషమైన అరిస్టలోకియా పడింది. రెండింటి చైనా పేర్లలోనూ ‘ఫాంగ్‌జీ’ ఉంది! ఎంతోమందికి మూత్రపిండాలు పాడయ్యాయి. అందుకే పొట్లం మీద లాటిన్ పేరు లేకపోతే కొనొద్దు.

కషాయం మరిగించడానికి మట్టి లేదా గాజు పాత్ర, ముందు 30 నిమిషాలు మూలికలు నానబెట్టడం. పుదీనా ఉంటే చివరి 5 నిమిషాల్లోనే.